ముప్ఫై ఎనిమిదో మంచం మీద పదకొండు రోజులు

నాంగ్ ఫై పేటలో నూడిల్స్ కొట్టు నడుపుకొనే ఖంపన్ అను నేను, కాలు విరిగింది గాని మతి నిక్షేపంగా ఉన్నవాడినై, డాక్టరమ్మ కూడా అదే మాట చెప్పగా, ఎవరి బలవంతమూ లేకుండా, పట్టరాని సంతోషంతో రాసుకొన్న వీలునామా ఏమనగా:

1. ఇదివరకటి వీలునామా రద్దు. నా కూతురు బువాఖావ్ లాటరీ టిక్కెట్లు మానితేనే కొట్టు దానికి చెందునని అందులో రాశాను. అది విని పిల్ల మూడేళ్లు నా గడప తొక్కలేదు. "నంబర్ల పిచ్చిదానికి కొట్టు ఇస్తే గరిటెతో సహా పందెం కాస్తుంది నాన్నా" అని నా కొడుకు తోంగ్‌డి అంటే తలూపాను. అలా తలూపినందుకు ఇందుమూలముగా సిగ్గుపడుతున్నాను. వాడి కోడిపందేల మీద నేను ఏ షరతూ రాయలేదు మరి!

2. మామిడిచెట్టు మీంచి పడి నేను ఆసుపత్రిలో ముప్ఫై ఎనిమిదో మంచం ఎక్కగా, పేటలో ఆడవాళ్లందరూ కమలాపళ్లు పట్టుకొని వచ్చారు. జూదం తప్పు అంటూ నలభై ఏళ్లుగా వాళ్లను సతాయించినవాణ్ణి. అయినా ఇంత ప్రేమా అని ఏడ్చేశాను. వాళ్లు లాటరీ టిక్కెట్లు కొనేందుకు మంచం నంబరు, నా జ్వరం ఎంతో రాసుకొని వెళ్లారు. తీరా లాటరీలో 83 వచ్చింది. "కాళ్లవైపు తల పెట్టుకోమని నీకెవరు చెప్పారు తాతా? నంబరు తిరగబడింది!" అని పక్కింటి నోయ్‌నా ఇప్పటికీ తిడుతోంది. ఫ్యాను అటే ఉంది, ఏం చేయను? పరిహారంగా ఆ మామిడిచెట్టు కాయలు, దాని మానుకు పౌడరు రాసి బెరడు గీతల్లో లాటరీ నంబర్లు వెతుక్కొనే హక్కు ఆమెకు ఇస్తున్నాను.

3. తోంగ్‌డికి నా మోటారుసైకిలు, నా కోడిపుంజు. పుంజుకు ఒక కన్ను లేదు, పందేనికి పనికిరాదు. అందుకే ఇస్తున్నాను.

4. కొట్టు, పెద్ద డేగిసా, వాళ్లమ్మ చేత్తో రాసిన సూపు మసాలా చీటీ, ఏ షరతూ లేకుండా బువాఖావ్‌కే. ఆసుపత్రికి వస్తూనే "నీకోసం రాలేదు నాన్నా, నంబరు కోసం వచ్చా" అంది. నంబరుకు ఒక్క చూపు చాలు. అది పదకొండు రోజులు ఉంది. గడ్డం గీసింది, గంజి తాగించింది, చాప మీద పడుకొంది. టిక్కెట్టు తగలకపోయాక కూడా ఆరు రోజులు ఉంది! ఓరి నాయనా, నా సంతోషం ఈ కాగితంలో ఎక్కడ పడుతుంది!

5. నేను పోయిన రోజున పేటంతా నా వయసు మీద టిక్కెట్లు కొంటుంది. గుర్తింపు కార్డులో ఉన్నది తప్పు, ఊరిపెద్ద నన్ను చూసి అంచనాగా రాయించాడు. నేను పుట్టిన అసలు సంవత్సరం మా అమ్మ నాకొక్కడికే చెప్పింది. దాన్ని కవరులో పెట్టి అంటించాను. బువాఖావ్ తప్ప ఎవరూ విప్పరాదు. తొందరపడి కొనకు తల్లీ, నేను ఇప్పట్లో పోవడం లేదు.

బౌద్ధ శకం 2561, జూన్ 9.

(సంతకం) ఖంపన్. వయసు: కవరులో.

సాక్షులు:
నర్సు రట్టనా.
నోయ్‌నా. ఈ కాగితం మీది స్టాంపు నంబరు కూడా రాసుకొన్నాను.