వేలికి అద్దిన చెరువు మందు

నాన్నా, ఏలూరు బస్సుకి టైమైపోయింది. మీరు చెరువు దగ్గర మేత వేసి వచ్చేదాకా ఆగలేను. ఉప్మా మూతపెట్టాను, ముందు తినండి. తర్వాత ముదినేపల్లి వెళ్ళి డాక్టరుగారికి ఆ వేలు చూపించండి. చేప ముల్లు గుచ్చుకున్న చోట నిన్నటికన్నా ఎక్కువ వాచింది.

దానికి మీరు అద్దుకున్న పొడి చేపల మేతలో కలిపే మందే కదండీ? "చేపలకి తగ్గింది, నాకెందుకు తగ్గదమ్మా?" అన్నారు. కోప్పడదామనుకున్నదాన్ని ఆలోచనలో పడ్డాను. ప్యాకెట్ మీదున్నది మొన్న మా నర్సింగ్ క్లాసులో మనుషులకి వాడతారని చెప్పిన యాంటీబయాటిక్ మందే. ఇన్నాళ్ళూ చెరువులో ఆ మందుకి అలవాటుపడిన క్రిమి ముల్లుతోపాటు వేలిలోకి వస్తే, మళ్ళీ అదే మందుకి చస్తుందా? నాకూ తెలీదు. ఈరోజు మా మేడమ్‌ని అడుగుతాను. ఖాళీ ప్యాకెట్ పారేయకుండా డాక్టరుగారి దగ్గరికి పట్టుకెళ్ళండి.

మీ హెప్సిబా

నా పుస్తకాల పక్కన మూడు యాంటీబయాటిక్ బిళ్ళలున్నాయి, అవి మాత్రం వేసుకోకండి. మొన్న జ్వరం తగ్గిందని నేను ఆపేసినవి. మందు మధ్యలో ఆపకూడదని పరీక్షలో నేను పేజీ నిండా రాసింది ఆ మర్నాడే.