గంట ముందు బయల్దేరిన వ్యాను

మణికొండ,
23 నవంబరు 2025, ఆదివారం.

శ్రావణి అమ్మకు,

నేనూ శ్రావణీ బాగున్నాం. నువ్వూ, నువ్వు కనిపెట్టుకుని ఉన్న ఆ పెద్దామె కూడా బాగుంటారని అనుకుంటూ ఈ జాబు రాస్తున్నాను. రాయచోటి బాలు సెలవు అయిపోయి మంగళవారం మళ్ళీ కువైట్‌కు వస్తున్నాడు. అతని చేతికే ఇస్తున్నాను. దీనితోపాటు చెనిక్కాయల పొడి, కరివేపాకు పొడి, నువ్వు అడిగిన మోకాళ్ళ నూనె ఉన్నాయి. కరివేపాకు పొడి శ్రావణి చేసింది. ఉప్పు కాస్త ఎక్కువైంది, ఏమీ అనకు.

పోయిన జాబులో నువ్వు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. శ్రావణి దగ్గు తగ్గింది. పరీక్షలు డిసెంబరు పదో తేదీ నుంచి. నా కళ్ళజోడు మార్పించాను. కింద మన ఇంటి ఓనరు సత్తెమ్మ నిన్ను రోజూ అడుగుతుంది. మొన్న మెట్ల మీద ఆపి, "ఏంది ఓబులేసు, నీ పెండ్లాం ఎప్పుడొస్తది? రోజూ పప్పు మాడిన వాసన మా ఇంట్లకొస్తుంది. ఆమె రాకుంటే నేనే ఇల్లు ఖాళీ చేసి పోత" అంది. ఫిబ్రవరి అని చెప్పాను. "రెండేండ్ల సంది ఫిబ్రవరే అంటున్నవ్, నీ క్యాలెండర్ల ఇంకో నెల లేదా?" అంది. నవ్వి మెట్లెక్కి వచ్చేశాను.

నువ్వు అడిగినవాటిలో అసలైనది ఇంకా మిగిలింది. లీడు పోస్టు నాకు ఖాయమైందా, ఫిబ్రవరి తర్వాత ఇంకో రెండేళ్ళు ఉంటానని మీ మేడమ్ ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టాలా, వద్దా అని అడిగావు. దానికి జవాబు ఒక్క ముక్కలో రాయలేను. ఫోనులో చెబుదామని రెండు శుక్రవారాలు అనుకున్నాను. ఫోనులో నేను ఎంత మాట్లాడతానో నీకు తెలుసు. అందుకే కాగితం పట్టుకున్నాను.

నా పని ఏమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. కారు తోలడం మానేసి ఆఫీసులో కూర్చున్నాక "కంప్యూటర్ పని" అని ఊరుకున్నాను. కోకాపేటలో మా ఆఫీసు పదకొండో అంతస్తులో ఉంది. విదేశాల్లో పెద్ద ఓడలెక్కి ఊళ్ళు చూసేవాళ్ళు ఉంటారు. ఓడ ఒక రేవులో ఒక పూట ఆగుతుంది. ఆ పూటలో దిగినవాళ్ళను ఎనిమిదేసి మందిగా చిన్న వ్యానులో ఎక్కించి, కొండల్లో పాత ఊళ్ళు, కోటలు చూపించి, ఓడ కదిలేలోపు రేవుకు తెచ్చి దించాలి. వ్యాను తోలి ఊరు చూపించే మనిషి అక్కడే ఉంటుంది. ఎన్నింటికి ఎక్కడ ఉండాలో ఇక్కడినుంచి చూసుకుని, తిరిగి బయల్దేరండి అని ఫోను చేసేది నేను. ఓడ ఎవరి కోసమూ ఆగదు. ఒక్కరు మిగిలిపోయినా మా కంపెనీయే విమానం టిక్కెట్టు కొని తరవాతి రేవుకు పంపాలి.

సముద్రం నేను ఇంతవరకు చూడలేదు. కానీ సిసిలీ దీవిలో మా ఓడలు ఆగే రేవునుంచి కొండెక్కే దారి కళ్ళు మూసుకుని చెప్పగలను. మొదట నిమ్మతోటలు, తరవాత ఎండిపోయిన ఏటిమీద పాత రాతి వంతెన, ఆపైన పద్నాలుగు మలుపులు. పైన ఊళ్ళో చర్చి ముందు రాళ్ళు పరిచిన చౌకు. అక్కడ భోజనం, తరవాత ఒక గంట ఎవరి ఇష్టం వాళ్ళది. నాలుగింటికి తిరుగు ప్రయాణం. ఇదంతా నా రోజు పుస్తకంలో రాసుకున్నాను. మన టైముకు మార్చి, "రాత్రి ఏడున్నర: బయల్దేరమని ఫోను" అని. ఆఫీసు సిస్టమ్‌లో కూడా ఉంటుంది. నేను నా పుస్తకాన్నే నమ్ముతాను. ఆరేళ్ళలో అది ఒక్కసారి కూడా తప్పలేదని నాకు లోపల గర్వం ఉండేది.

అక్టోబరు ఇరవై ఆరు, ఆదివారం. ఈ ఏడాదికి చివరి గుంపు. తోలేది లూచియా అనే ఆమె. ఎనిమిది మందిలో రోసా అనే పెద్దావిడ ఉంది, ఎనభై మూడేళ్ళు. ఆమె పుట్టింది ఆ కొండ ఊళ్ళోనే. చిన్నప్పుడే ఆస్ట్రేలియా వెళ్ళిపోయింది. ఆమె అక్క ఆ పక్క కొండమీద వృద్ధాశ్రమంలో ఉంది. ఇద్దరూ చూసుకుని నలభై ఏళ్ళు దాటిందట. భోజనం తరవాతి ఆ గంటలో కలుసుకోవాలని ఇద్దరూ మాట్లాడుకున్నారు. మూడు దాటాక అక్కను కారులో చౌకు దగ్గరికి తెస్తారు. ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి.

ఏడున్నరకు నేను ఫోను చేసి, బయల్దేరండి అన్నాను. లూచియా, "ఇప్పుడేనా?" అంది. అవునన్నాను. ఆ పొద్దున సముద్రం మీద గాలి పెరగొచ్చని అందరికీ మెయిల్ వచ్చి ఉంది. "గాలి సంగతా? ఓడ ముందే కదులుతోందా?" అని అడిగింది. "బయల్దేరండి" అన్నాను. "పది నిమిషాలు ఆగుతాను. ఒకావిడ అక్క దారిలో ఉంది, వచ్చేస్తోంది" అంది. ఎవరు, ఎందుకు అని నేను అడగలేదు. బండి కదిలించండి అని ఫోను పెట్టేశాను. పుస్తకంలో 7.34, బయల్దేరారు అని రాసుకున్నాను.

మన దేశంలోనూ మీ కువైట్‌లోనూ గడియారం ఏడాది పొడుగునా ఒకటే. అక్కడ అలా కాదు. చలికాలం ముందు ఒక ఆదివారం తెల్లవారుజామున ఊరంతా గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు. అది ఆ ఆదివారమే. అంటే నేను ఏడున్నరకు ఫోను చేసినప్పుడు వాళ్ళకు నాలుగు కాలేదు, మూడు అయింది. మిగతా ఏళ్ళలో ఆ తేదీకి ముందే మా సీజను అయిపోయేది కాబట్టి నాకు ఎదురుకాలేదు. మర్నాడు ఆఫీసుకు వెళ్ళి స్క్రీన్‌లో చూశాక అర్థమైంది. అందరూ ఓడ దగ్గరికి గంట ముందే క్షేమంగా చేరారు. "అంత తొందరగా భలే తెచ్చావన్నా" అని మా పక్క సీటు దివ్య మెచ్చుకుంది. స్క్రీన్ మూసేశాను.

పదిరోజులకు రోసా ఫిర్యాదు వచ్చింది, తోలే మనిషి తమను తొందరపెట్టి తీసుకెళ్ళిపోయిందని. లూచియాను అడిగితే, మా ఆఫీసు డెస్కునుంచి చెబితేనే కదిలానంది. మా మేనేజరు గిరీష్ నన్ను పిలిచాడు. కర్నూలు పిల్లవాడు, ఈ వేసవిలోనే వచ్చాడు.

"అన్నా, ఫోను ఎన్నింటికి చేసినావ్?"

"ఏడున్నరకు."

"రోజూ చేసే టైముకే కదా?"

"రోజూ చేసే టైముకే."

"చూసినావా, ఇంటికి పోవాలని ఆమే తొందరపడి, మన మీదికి తోస్తాంది."

నేను చెప్పిన రెండు మాటల్లోనూ అబద్ధం లేదు రాజమ్మా. కానీ అబద్ధమే ఆడానని నాకు తెలుసు. అప్పటికే గిరీష్ నా పేరు లీడు పోస్టుకు పంపి ఉన్నాడు. ఆ పోస్టు వస్తే నువ్వు ఇంకో రెండేళ్ళు అక్కడ ఉండనక్కర లేదు. ఆ ఒక్కటే మనసులో పెట్టుకుని బయటికి వచ్చాను. వచ్చే ఏడాది జాబితాలోంచి లూచియా పేరు తీసేశారు.

పన్నెండో తేదీన లూచియా డెస్కుకు మెయిల్ పెట్టింది. తన పని గురించి ఒక్క మాట కూడా లేదు అందులో. వాళ్ళు కదిలిన పావుగంటకు అక్క వచ్చిందట. కొత్త గౌను వేసుకుని, చెల్లెలికి ఇష్టమైన బాదం రొట్టె చేయించుకుని వచ్చిందట. చౌకులో కుర్చీ వేయించుకుని పొద్దు గూకేదాకా కూర్చుందట. నాలుగింటిదాకా ఉంటానన్న మనిషి మూడింటికే ఎందుకు వెళ్ళిపోతుంది, ఓడ ఆరింటికని ఊరందరికీ తెలుసు, నా మొహం చూడటం ఇష్టంలేకే పారిపోయింది అనుకుందట. వాళ్ళిద్దరి మధ్య తండ్రి ఇంటి విషయంలో పాత తగాదా ఉంది. ఇప్పుడు చెల్లెలు ఫోను చేస్తే అక్క ఎత్తడం లేదు. "ఆ రోజు నిజంగా ఓడ వాళ్ళే రమ్మన్నారా? అలా అని రాసిస్తే పెద్దావిడకు చూపిస్తాను" అని లూచియా అడిగింది.

రెండు రోజులు గడిచాయి. శుక్రవారం గిరీష్ గదికి వెళ్ళి చెప్పేశాను.

"ఏడున్నరంటే అక్కడ మూడు సార్ ఆ రోజు."

"మూడెట్లవుతుంది? నాలుగు గదా."

గడియారం సంగతి చెప్పాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. లేచి తలుపు వేసి వచ్చాడు.

"ఇది ఇంకెవరికన్నా చెప్పినావా?"

"లేదు."

"అయితే చెప్పొద్దు. నేను ఏం వినలేదు. ఆ ముసలామెకు డబ్బులు వాపసిచ్చినాం. లూచియాకు ఇంకో కంపెనీ దొరుకుతాది. డిగ్రీ లేనోడివి, నీకు ఈ పోస్టు మళ్ళా దొరకదన్నా. వదినను అడిగినావా అసలు?"

"అడగలేదు."

"అడుగు పో. ఆమె తంతాది నిన్ను."

"సార్, మీరు పైకి రాయకపోతే నేను రాస్తాను" అన్నాను. వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. "నీతో వచ్చిన తంటానే ఇది. ఆరు నెలల్లో నువ్వు నాతో ఇంత పొడుగు మాట్లాడింది ఇదే మొదటిసారి" అని కంప్యూటర్ వైపు తిరిగి మెయిల్ రాయడం మొదలుపెట్టాడు. మంచివాడే.

ఉద్యోగం ఉంది. లూచియాను మళ్ళీ తీసుకున్నారు. లీడు పోస్టు దివ్యకు ఇచ్చారు. నువ్వు అడిగినదానికి జవాబు ఇదీ. నీ రెండేళ్ళను పణంగా పెట్టి చేసిన పని ఇది. నిన్ను ఒక్క మాట అడగకుండా చేశాను. నువ్వు కోప్పడితే పడతాను.

రోసా అక్కకు నేనే ఒక పేజీ రాశాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. మీ చెల్లెలు పారిపోలేదు, పది నిమిషాలు ఆగమని బతిమాలింది, ఆగనివ్వనిది నేను అని. లూచియా అది పట్టుకుని ఆ కొండకు వెళ్ళి, వాళ్ళ భాషలో చదివి వినిపించింది. పెద్దావిడ మళ్ళీ చదవమందట. "ఈ మనిషిది ఏ ఊరు?" అని అడిగిందట. ఇండియా అని చెబితే, "అక్కడ గడియారం తిప్పరా?" అందట. తిప్పరంటే, "తెలివైనవాళ్ళు" అని, ఫోను ఇటు ఇవ్వమందట. ఆస్ట్రేలియాలో అప్పుడు అర్ధరాత్రి అయినా రోసా ఎత్తిందట. మొన్న గురువారం ఈ కబురు వచ్చింది.

అప్పటినుంచి నాకు ఒకటే ఆలోచన. ఆ పెద్దావిడ చౌకులో కూర్చుని చెల్లెలు తనను వద్దనుకుంది అనుకున్నట్టే, నువ్వు కూడా అక్కడ కూర్చుని నా గురించి అనుకుంటున్నావేమో.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో, శంషాబాద్ విమానాశ్రయం గేటు ముందు, పెట్టె కింద పెట్టి నా వైపు తిరిగి, "పోవద్దంటే పోను, చెప్పు" అన్నావు. నేను, "టైమైంది, లోపలికి పో" అన్నాను. అంత తొందరగా నన్ను సాగనంపావేమని నువ్వు ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు టైము కాలేదు రాజమ్మా. ఇంకా గంటంబావు ఉంది. ఇంకో నిమిషం నిలబడితే వద్దని అనేస్తానని భయపడ్డాను. శ్రావణి ఫీజు, అప్పటి మన పరిస్థితి గుర్తొచ్చి అలా అన్నాను. నువ్వు లోపలికి వెళ్ళాక ఆ గంటంబావూ అద్దం బయటే నిలబడ్డాను. నీ కొంగు కూడా కనిపించలేదు.

నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ కాగితం మీద సంతకం పెట్టకుండా వచ్చేస్తే, లీడు పోస్టు లేకుండానే ఇల్లు గడవాలి. ఇరుకుగా ఉంటుంది. అది తెలిసే వచ్చెయ్యమని రాస్తున్నాను. అన్నీ చూసుకుని, ఇంకో రెండేళ్ళు ఉండటమే మేలని నీకు తోస్తే అలాగే కానీ. నేను తప్పు పట్టను. నాకు నువ్వు అక్కర్లేదనుకుని మాత్రం సంతకం పెట్టకు.

జాబు అందాక శుక్రవారం నీ సెలవు రోజున ఫోను చెయ్యి. ఇంత రాశాక నా నోట మాట రాకపోవచ్చు. ఏమీ వినబడకపోతే పెట్టెయ్యకు. కాసేపు అలాగే పట్టుకో.

ఇట్లు,
శ్రావణి నాయన