గోడకు అవతల ఉన్న నాన్న

తండ్రి, కుమార, పవిత్రాత్మ నామమున.

అరగోన్ ప్రాంతం, వల్‌దెసేరా ఊరిలో ఉంటున్న ప్రెసెంతసియోన్ ఎస్కర్తీన్, వయసు యాభై, అవివాహిత, అనే నేను ఈ వీలునామా నా చేత్తో రాస్తున్నాను. వచ్చే వారం సరగోసా ఆసుపత్రిలో నాకు ఆపరేషన్. జబ్బు గుండెకే గాని బుద్ధికి కాదు. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. బతిమాలినవాడు మా అన్న ఒక్కడే. ఆయన అడిగింది ఆయనకు దక్కకూడదనే ఈ కాగితం.

1. ముందు నా పేరు సంగతి. పుట్టినప్పుడు నాన్న నాకు పెట్టిన పేరు అర్మోనియా. నాన్న ఎవరిస్తో ఎస్కర్తీన్ అరాచకవాది. దేవుడూ వద్దు, దొరా వద్దు అని పత్రికల్లో రాశాడు, సంతల్లో బల్లలెక్కి చెప్పాడు. అంతర్యుద్ధంలో ఆయన పక్షం ఓడిపోయాక అలాంటి పేర్లు చెల్లవన్నారు. ఆయన జైల్లో ఉండగా మఠంలో సిస్టర్లు నా నెత్తిన నీళ్లు పోసి ఇప్పటి పేరు పెట్టారు. వాళ్ల చేతులు చాలా కరకు. అయినా వాళ్లు చూపించిన దేవుణ్ణి నేను మనసారా నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను.

అదే రోజు మా అన్న ఫ్లోరియల్ కూడా ఫెర్మీన్ అయ్యాడు. ఆ పేరుతోనే, అప్పుడు దేశాన్నేలిన నియంత పటం కింద కూర్చుని మునిసిపల్ ఆఫీసులో గుమాస్తాగిరీ చేశాడు. నియంత పోయాక మళ్లీ ఫ్లోరియల్ అయ్యాడు. ఈ ఏడు ఎన్నికల పోస్టర్ల మీద ఆ పేరే పెద్ద అక్షరాల్లో వేయించి మేయరయ్యాడు.

2. నా ఆస్తిలో విలువైనది నాన్న సమాధి. అది మా శ్మశానంలో గోడకు అవతల, దీవించని నేలలో ఉంది. చర్చిని కాదన్నవాళ్లను వేరుచేసే ఆ గోడను యుద్ధానికి ముందు, రిపబ్లిక్ రోజుల్లో నాన్నే గునపం పట్టి పడగొట్టాడు. గెలిచినవాళ్లు మళ్లీ కట్టించి, ఆయనను దాని వెనకే పూడ్చారు. అమ్మ ఇవతల, దీవించిన నేలలో ఉంది.

నాన్న జైలు నుంచి క్షయతో వచ్చి ఇంట్లోనే చనిపోయాడు. చివరి రోజున అప్పటి ఫాదర్ వచ్చి పాపాలు ఒప్పుకోమన్నారు. నాన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఊపిరి ఆగాక అన్న నన్ను వంటింట్లోకి లాగి, "ఆఖర్న పశ్చాత్తాపపడ్డాడని చెప్పవే! నువ్వు రోజూ పూజకెళ్లేదానివి, నీ మాట నమ్ముతారు. ఆయనకేమన్నా వినపడుతుందా? నా ఉద్యోగం పోతుందే తల్లీ!" అన్నాడు. నేను చెప్పలేదు. అబద్ధం పాపం. పైగా అది చనిపోయిన మనిషి నోట్లో పెట్టే అబద్ధం. శవాన్ని చర్చిలోకి రానివ్వలేదు. నేనూ, అమ్మా, నాన్న సావాసగాడైన మంగలి సిమియోన్ బాబాయీ, ఆయన తమ్ముడూ కలిసి పెట్టె మోశాం. అన్న ఆ రోజు ఆఫీసుకు వెళ్లాడు.

ఇప్పుడు అన్న, నాన్న ఎముకలు తీయించి నడిబజారులో విగ్రహం కింద పెడతానంటున్నాడు. బ్యాండు మేళం, ఉపన్యాసాలు ఉంటాయట. "మా నాన్నను ఈ భుజాల మీద మోశాను" అని మైకులో అంటుంటే నేను వెనక వరుసలో నిలబడి విన్నాను.

3. ఆ సమాధి హక్కు నా పేరున ఉంది, ఎందుకంటే అప్పట్లో తన పేరు రాయించుకోవడానికి అన్న భయపడ్డాడు. నేను పోతే చట్టప్రకారం అది ఆయనకే వెళ్తుంది. అందుకని దాన్ని సిమియోన్ బుయిల్‌కూ, ఆయన తర్వాత ఆయన కూతురికీ రాసిస్తున్నాను. ఎముకలు తీయడానికి నేను ఒప్పుకోనన్నప్పుడు అన్న, "వారసత్వం దొంగతనమని రాసిందే నాన్న. నువ్వేమో ఆయన్నే ఆస్తిలా పట్టుకు కూర్చున్నావు!" అన్నాడు. నిజమే, నాన్న అలా రాశాడు. బజారులో నిలబెట్టిన ప్రతి విగ్రహమూ ఒక యజమానే అని కూడా రాశాడు. అన్న ఆ పేజీ దాకా రాలేదు.

4. కాగితాన్ని మేయరు ఎలాగైనా తిప్పుకోగలడు. అందుకని నన్ను అమ్మ పక్కన కాక, నాన్న గుంతలోనే, ఆయన పెట్టె మీద పూడ్చాలి. కొత్త శవం పెట్టిన గుంతను కొన్నేళ్ల దాకా తెరవకూడదని నిబంధన ఉంది. ఆలోపు ఇంకో ఎన్నిక వస్తుంది, విగ్రహం మీద మోజూ తీరుతుంది. అమ్మ పక్కన పడుకోవాలని నేను జీవితమంతా కోరుకున్నాను. ఆ కోరిక వదులుకుంటున్నాను. అమ్మ అర్థం చేసుకుంటుంది. ఎవరూ ఎవరికీ సేవకులు కారని నాన్న రాస్తూ కూర్చుంటే, ఆ బల్ల దగ్గరికే ఆయనకూ ఆయన స్నేహితులకూ పళ్లేలు మోసిన మనిషి ఆమె. ఈ మాట నాన్నను ఒక్కసారైనా అడగాల్సింది.

ఇది చెబితే సిమియోన్ బాబాయి, "ఏమే పిల్లా, జపమాల పట్టుకుని మీ నాన్న నెత్తినెక్కి పడుకుంటావా? అక్కడన్నా ఆయన్ని ప్రశాంతంగా ఉండనివ్వవా!" అని నవ్వాడు. తర్వాత కత్తి నూరుకుంటూ కూర్చున్నాడు.

మా ఊరి ఇప్పటి ఫాదర్, అనిసేతో గారు, నా పెట్టెను చర్చిలోనే దీవించాలి. గుంత దగ్గర తీర్థజలం చల్లవద్దు. ఆ నీళ్లు నాన్న మీద పడతాయి, ఆయన వద్దన్నాడు. గోడకు ఇవతలే నిలబడి నా కోసం ప్రార్థించండి. ఎంత మెల్లగా చెప్పినా దేవుడికి వినపడుతుంది.

5. అమ్మ శనగలు ఉడికించిన మట్టికుండ సిమియోన్ కూతురికి. అంచు పగిలింది, అయినా కారదు. నాన్న కళ్లజోడు ఫాదర్ అనిసేతోకు. ఇన్నాళ్లూ నా ప్రార్థనల పుస్తకం దానితోనే చదువుకున్నాను, చూపు బాగా ఆనుతుంది. ఇల్లు అమ్మి, వచ్చింది ఊరి బడికి ఇవ్వాలి. బడికి ఎవరి పేరూ పెట్టకూడదు.

6. మా అన్న ఫ్లోరియల్‌కు నా శవపేటిక ముందువైపు కుడిమూల రాసిస్తున్నాను. బ్యాండు లేకుండా, మైకు లేకుండా, ఆయన దాన్ని భుజాన పెట్టుకుని బజారు మీదుగా, తన ఆఫీసు ముందు నుంచి, గోడ అవతలి దాకా మోయాలి. అప్పుడు ఆయన చెప్పుకునేది కొంతైనా నిజమవుతుంది. రాకపోతే ఆ మూల ఇంకెవరూ పట్టవద్దు. మిగతా ముగ్గురూ పెట్టె ఒరిగినా సరే అలాగే నడవండి. ఆ మూల ఎవరిదో ఊరందరికీ తెలియాలి.

ఈ వీలునామా అమలు చేయవలసినవారు: ఫాదర్ అనిసేతో, సిమియోన్ బుయిల్. దేవుడి సంగతి తర్వాత వాదించుకోండి, ముందు నన్ను పూడ్చండి.

వల్‌దెసేరా, 1979 అక్టోబరు 14, ఆదివారం, పూజ ముగిశాక.

(సంతకం) ప్రెసెంతసియోన్ ఎస్కర్తీన్
(సంతకం) అర్మోనియా ఎస్కర్తీన్
ఇద్దరూ నేనే.

సాక్షులు: ఓరోసియా లబార్తా, రొట్టెల దుకాణం, గ్రెగోరియో పుయెయో, బస్సు డ్రైవరు.