వేలు చెప్పిన వేడి

సీసాల్లో ఈస్ట్ పెంచే మేనకోడలికి బేకరీ మామయ్య దీవెనలు.

నా పరువు మట్టిలో కలిసింది. నెల రోజులుగా బ్రెడ్డు పొంగడం లేదు. నిన్న స్కూలు క్యాంటీన్ ఆవిడ ఒక బ్రెడ్డు తీసి కౌంటర్ మీద కొట్టింది. బ్రెడ్డు చెక్కుచెదరలేదు, కౌంటర్‌కి సొట్ట పడింది. నెలాఖరులోగా మెత్తటి బ్రెడ్డు రాకపోతే వేరే బేకరీ చూసుకుంటానంది. ఆవిడ పోతే నేను తాళం వేసుకోవడమే.

తప్పంతా ఈస్ట్ అమ్మేవాడిది. చచ్చిన సరుకు అంటగడుతున్నాడు. నీళ్లంటావా, నేనే వేలు ముంచి గోరువెచ్చగా ఉన్నాయని చూసుకుని మరీ కలుపుతున్నాను. డబ్బాలోది కాస్త పంపుతున్నా. ఇది చచ్చిందని మీ లాబ్ ముద్ర వేసి ఒక కాగితం పంపు, వాడి మొహాన కొడతాను.

ఇట్లు, మోసపోయిన మామయ్య.

తా.క.: మీ అత్తయ్య ఈమధ్య చల్లారిన టీ ఇస్తోంది. గ్లాసు పట్టుకోగానే తెలిసిపోతుంది, తాగకుండానే వెనక్కి పంపుతున్నా. కోపం దేనికో కనుక్కో.

*

మామయ్యకి నమస్కారం.

నువ్వు పంపిన ఈస్ట్ బతికే ఉంది. పొద్దున సీసాలో వేస్తే మధ్యాహ్నానికి మూత తోసుకుని బయటికొచ్చింది. పాపం, అమ్మేవాడిని వదిలెయ్.

నీళ్ల మీదే నా అనుమానం. ముప్పై డిగ్రీల దగ్గర ఈస్ట్ హాయిగా పెరుగుతుంది. నలభై దాటితే పెరగడం మానేస్తుంది. యాభై దాటితే చావడం మొదలు. అరవైలో పది నిమిషాలుంచితే పేరు చెప్పుకోవడానికి కూడా మిగలదు. నా ఉద్యోగమే అది, వేడి పెట్టి ఎన్ని బతికాయో లెక్కపెట్టడం. ఒక చిత్రం ఏమిటంటే, ముందు కొంచెం వేడి చూపిస్తే తర్వాత పెద్ద వేడిని కూడా కాసేపు తట్టుకుంటుంది.

నువ్వు మాత్రం థర్మామీటర్ పెట్టి చూడు.

నీ మేనకోడలు.

తా.క.: అత్తయ్యని అడిగాను. టీ పొగలు కక్కుతుండగానే ఇస్తోందట. వెనక్కి పంపినప్పుడల్లా ఒళ్లు మండుతోందట.

*

హంతకురాలైన మేనకోడలికి దీవెనలు.

నీ ఉద్యోగం ఇదని మీ అమ్మకి తెలుసా? పిల్ల ఏదో పెద్ద పరిశోధన చేస్తోందని కనబడినవాళ్లందరికీ చెప్పుకుంటోంది.

అయినా నీ చిత్రం నాకు నచ్చింది. వెంటనే శిక్షణ మొదలుపెట్టాను. డబ్బాని ఓవెన్ మీద పెట్టి రోజుకి రెండు గంటలు వేడి అలవాటు చేశాను. మూడోరోజు చేసిన బ్రెడ్డు ఇప్పుడు వెనక తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టుకున్నాం.

థర్మామీటర్ మాట ఎత్తకు. ముప్పైరెండేళ్లుగా పొడిగుడ్డతో ట్రేలు లాగుతున్న చెయ్యి ఇది. ఈ వేలు గోరువెచ్చన అంటే గోరువెచ్చనే.

ఇట్లు, అనుభవజ్ఞుడు.

తా.క.: టీలోంచి పొగ వస్తున్న మాట నిజమే, నాకూ కనిపిస్తోంది. గ్లాసు మాత్రం చల్లగానే ఉంటోంది. పొగని నమ్మనా, వేలిని నమ్మనా?

*

మామయ్యా,

శిక్షణ ఆపు. నేను చెప్పింది సీసాలో పెరుగుతున్న ఈస్ట్ గురించి, అదీ కాసేపే. నువ్వు డబ్బాని వేయించావు.

నీ తా.క. చదివేదాకా నవ్వుతూనే ఉన్నాను. చదివాక భయమేసింది. పార్సిల్లో థర్మామీటర్ పంపుతున్నాను, నీళ్లలో ముంచు. నలభై లోపే ఉండాలి. ఈసారి టీ వెనక్కి పంపకుండా ఒక్క గుక్క తాగి చూడు. ఆ తర్వాత డాక్టర్‌కి చెయ్యి చూపించు.

నీ మేనకోడలు.

తా.క.: కొత్త డబ్బా కొను. పాతదానికి నా సంతాపం.

*

డాక్టర్ కంటే ముందే నా జబ్బు కనిపెట్టేసిన మేనకోడలికి దీవెనలు.

ఒక్క గుక్క తాగమన్నావు, తాగాను. నాలుక బొబ్బలెక్కింది. నా గోరువెచ్చని నీళ్లు అరవైరెండు డిగ్రీలున్నాయి. నెల రోజులు నా చేత్తో నేనే చంపుకుని, అమ్మేవాడిని తిట్టాను. సిగ్గేసింది. వాడి దగ్గరికెళ్లి తప్పు ఒప్పుకుని కొత్త డబ్బా తెచ్చుకున్నాను.

ముప్పైఎనిమిది దగ్గర కలిపితే బ్రెడ్డు పొంగింది. క్యాంటీన్ ఆవిడ మళ్లీ కౌంటర్ మీద కొట్టి చూసింది. ఈసారి బ్రెడ్డే నలిగింది. ఆవిడ ఎక్కడికీ పోవడం లేదు.

కాలీ కాలీ వేళ్లకి స్పర్శ పోయిందన్నాడు డాక్టర్. చేతితొడుగులు లేకుండా ఓవెన్ దగ్గరికి వెళ్లొద్దన్నాడు. ఇంటికొచ్చాక మీ అత్తయ్య నా చెయ్యి ఒళ్లో పెట్టుకుని, వెచ్చని గ్లాసుని వేళ్ల దగ్గర్నుంచి పైకి జరుపుతూ, ఇక్కడ తెలుస్తోందా, ఇక్కడా అని అడుగుతూ పోయింది. మణికట్టు దగ్గర తెలిసింది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఇట్లు, అసలు హంతకుడు.

తా.క.: వేయించిన డబ్బా పారేయబోతుంటే మీ అత్తయ్య లాక్కుని, అడుగున మిగిలింది పంచదార నీళ్లలో వేసింది. మూడోరోజుకి బుడగలొచ్చాయి. ఎక్కడో నాలుగు బతికాయన్నమాట. అచ్చం మీలాగే, మొండివి అంది నన్ను చూసి. వాటిని నీకు పంపను, నువ్వు వేడి పెట్టి లెక్కపెడతావు.