ఉప్పుడు బియ్యం మీద నిషేధం లేదు

జూలై 22, శనివారం
మిల్లు ఆగింది. రోజూ దాని మోత మొదలయ్యాకే కుక్కర్ పెడతాను... ఈరోజు అన్నం ఆలస్యం. కాకినాడ రేవుకు పోవలసిన లారీ లోడుతో గేటు దగ్గరే ఉంది. మేము ఆడించే పచ్చి బియ్యం దేశం దాటకూడదని ఢిల్లీ ఉత్తర్వు.
ఈయన టీవీ ముందు. "మన జనం తిన్నంకనే పైదేశాలకు. గిందుల తప్పేమున్నది?"
"తప్పేం లేదు. ఆ లారీ ఎవలు దింపుతరు?" అన్నాను.
సౌండు పెంచారు.

జూలై 23
తోడికోడలు లలిత మిర్యాలగూడ నుంచి ఫోను. ఓదార్చడానికట.
"దిగులు పడకండక్కా, నాలుగు రోజులు పోతే ఎత్తేస్తారులే. మాకైతే రాత్రీ పగలూ ఆగట్లేదు, ఆ మోతకు చెవులు పోతున్నాయనుకోండి."
వాళ్ళ మిల్లులో ఆడేది ఉప్పుడు బియ్యం. వడ్లను ఉడకబెట్టి, ఆరబెట్టి ఆడిస్తారు. దాని మీద నిషేధం లేదు.
చెవులు పోతున్నాయట. పోనీ.

జూలై 27, గురువారం
మధ్యాహ్నమంతా ఆస్తి పంపకం నాటి సంగతే గుర్తొస్తోంది. మా మామయ్య పద్ధతి — పెద్దవాడు వంతులు వెయ్యాలి, చిన్నవాడు కోరుకోవాలి. ఈయన వేశారు: సూర్యాపేట పచ్చి మిల్లు ఒక వంతు, మిర్యాలగూడ ఉప్పుడు మిల్లు ఒక వంతు. ఆ పొగ, ఆ బూడిద, ఆ పులిసిన వడ్ల వాసన నాకు రాకూడదని మొక్కుకున్నాను. మరిది శ్రీను అదే కోరుకున్నాడు. దేవుడున్నాడనుకున్నాను.
రెండేళ్ళ కిందట కూడా ఉన్నాడనే అనుకున్నాను. ఢిల్లీ ఉప్పుడు బియ్యం కొననంది. తెలంగాణ వడ్లకు అవమానమని ఇక్కడివాళ్ళు రోడ్ల మీద కూర్చున్నారు. అటూ ఇటూ జెండాలే, మధ్యలో లలిత మిల్లుకు తాళం. పాపం లలిత, అనేదాన్ని అందరితో. ఆ మాట అనడం ఎంత హాయిగా ఉండేదో!
ఇప్పుడు ఆమె అంటోంది.

ఆగస్టు 3
హమాలీ మేస్త్రీ ఎల్లయ్య చెప్పులు బయట విడిచి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. ఎప్పుడూ రాడు.
"అమ్మా, జర ఏమనుకోకుండ్రి. మా చివ్వెంల ఊరోళ్ళం అందరం మిర్యాలగూడ పోతున్నం. చిన్నమ్మ బస్సు కిరాయి గూడ ఇస్తనన్నది."
లలిత "చిన్నమ్మ" అట. పదిహేనేళ్ళు నా చేతి టీ తాగినవాడు.
"పో ఎల్లయ్యా, ఆడ పని ఉన్నది గద" అన్నాను. నవ్వాననే అనుకుంటున్నాను.

ఆగస్టు 4
బ్యాంకు మనిషి వచ్చిపోయాడు. అప్పు సంగతి దసరా దాకా చూస్తారట. ఆ తర్వాత మిల్లు వేలం.
ఈయన షర్టు గుండీ తప్పు పెట్టుకుని ఉన్నారు, ఆ మనిషి వెళ్ళేదాకా నేనూ చూడలేదు.

ఆగస్టు 10, గురువారం
శ్రీను, లలిత వచ్చారు. కారు ఆమే నడిపింది. మామిడితాండ్ర తెచ్చింది, కోదాడ పుట్టింటి నుంచి.
మాట శ్రీను ఎత్తాడు. "వదినా, మిల్లు మాకు లీజుకియ్యండ్రి. బాయిలర్ పెట్టి ఉప్పుడు బియ్యం ఆడిస్తం. బ్యాంకు కిస్తు మేమే కడ్తం. అన్న ఎప్పటిలెక్కనే ఆఫీసుల కూసుంటడు."
మిల్లు నా పేరు మీద ఉంది. బోర్డు కూడా నాదే, సుగుణా రైస్ మిల్. నేను సంతకం పెట్టాలి.
లలిత నా చెయ్యి పట్టుకుంది. "పేరు మార్చమక్కా. మీ పేరే ఉంచుతాం."
నా పేరు కింద ఆమె మిల్లు నడుస్తుంది. పేరు తీసేస్తానన్నా ఇంత మండేది కాదు.
"అధిక మాసంల కొత్త పని ఏంది? నిజ శ్రావణం రానియ్యి" అన్నాను. ఈయన నా వైపు చూశారు. లలిత మాత్రం వెంటనే, "అయ్యో, అవునక్కా, ఇలాంటివి మీకే గుర్తుంటాయి" అంది.
మామిడితాండ్ర బాగుంది. అదీ ఒక బాధ.

ఆగస్టు 15
ప్రతి ఏడూ లాగే మిల్లు ముందు జెండా. ఈయన, వాచ్‌మన్, నేను. బూందీ చేశాను, సగం మిగిలింది.
"దేశం మంచిగుంటే మిల్లు అదే మంచిగైతది" అని ఈయన ఉపన్యాసం. వాచ్‌మన్ ఒక్కడే చప్పట్లు కొట్టాడు, ఒక్కడు కొడితే ఎంత చప్పుడు...
కాసేపటికి ఫోనులో లలిత మిల్లు ఫొటో వచ్చింది. పెద్ద జెండా, వరసలు వరసలుగా జనం. ముందు వరసలో ఎల్లయ్య, నిటారుగా. మా దగ్గర ఏనాడూ అలా నిలబడలేదు.
ఒకటే జెండా. అక్కడ గాలి ఎక్కువున్నట్టు ఎగురుతోంది.

ఆగస్టు 20, ఆదివారం
"సంతకం పెట్టు సుగుణా. నా తమ్ముడే గద."
"మీ తమ్ముడే అయితే ఎప్పుడో పెడ్దును."
"మరి?"
కంది పొడి కొట్టాను. డబ్బా నిండింది.
చివరికి ఒప్పుకున్నాను. శుక్రవారం లలిత ఇంట్లో వరలక్ష్మీ వ్రతం, అక్కడే సంతకం. ఆ మాట వినగానే ఈయన గడ్డం గీసుకున్నారు — నాలుగు రోజుల తర్వాత.

ఆగస్టు 25, శుక్రవారం
మిర్యాలగూడ. ఊళ్ళోకి రాకముందే ఆ వాసన, బస్సు కిటికీలోంచి. ఒకప్పుడు కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. ఇవాళ పీల్చాను. నడుస్తున్న మిల్లు వాసన.
కలశానికీ లలితకూ గంధం రంగు పట్టుచీరలు. లలిత వంగి నా పాదాలకు పసుపు రాసింది, వేళ్ళ సందుల్లో కూడా. వాయనం ఇచ్చి దండం పెట్టింది. లీజు కాగితాలు అమ్మవారి ముందే పెట్టి ఉన్నాయి, వాటి మీద ఒక తమలపాకు.
శ్రీను పెన్ను తీశాడు. కిటికీలోంచి ఎల్లయ్య గొంతు, ఎవరినో తిడుతున్నాడు, నవ్వులు. నా ఇంటి వెనక వినబడవలసిన నవ్వులు.
"శుక్రవారం పూట ఇంటి లక్ష్మిని చేతులార ఎట్లిస్త? సోమవారం చూద్దాం" అన్నాను.
ఈయన "సుగుణా..." అన్నారు.
లలిత కాగితాలు తీసి కళ్ళకద్దుకుంది. "నిజమేనక్కా. నాకు తట్టనే లేదు చూడండి. అడిగినందుకు ఏమీ అనుకోకండి."
ఆమె నమ్మింది. సాకు అని తెలిసి ఊరుకున్నా బాగుండేది.

ఆగస్టు 26
పొద్దున్నే వార్త. ఉప్పుడు బియ్యం మీద ఎగుమతి సుంకం వేశారు, నిన్నటి నుంచే.
రాసుకోవాలి, ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తాను. మొదట సంతోషం వేసింది. ఒళ్ళంతా చల్లబడ్డట్టు. కాఫీలో రెండో చెంచా చక్కెర వేసుకున్నాను. ఇప్పుడు తెలుస్తది, అనుకున్నాను, పైకే.
కాఫీ అయిపోకముందే శ్రీను ఫోను. "వదినా, లీజు సంగతి ఇప్పుడు వద్దు. కాకినాడల కొనేటోళ్ళు రేటు కొట్టిపడేసిన్రు. మాకే ఎటూ తోస్తలేదు."
గ్లాసు కడిగి బోర్లించాను.
ఈయన టీవీ పెట్టలేదు. "గిది గూడ దేశం కోసమేనా?" అని అడిగాను.
"కాదని ఎట్లంట సుగుణా? ధరలు పెరిగితే బీదోడు తినేదెట్ల?" రిమోట్ పక్కన పెట్టారు. "గని ఎవలన్న వచ్చి, మీ మిల్లు ఏమైతదని ఒక్క మాట అడిగితే బాగుండు."
నేనూ అడగలేదు.

ఆగస్టు 28, సోమవారం
శుక్రవారమే సంతకం పెట్టి ఉంటే శ్రీను మాట తప్పేవాడు కాదు. ఈ ఇంటివాళ్ళు సంతకం తప్పరు. ఈపాటికి బ్యాంకు మా గుమ్మం ఎక్కడం మానేసి ఉండేది.
పెట్టి ఉంటే లలిత ఇంకా లోతుకు మునిగేది. ఈ మాట అనుకుని నన్ను నేను మంచిదాన్ని చేసుకోబోయాను. శుక్రవారం నాకు సుంకం సంగతి తెలియదు కదా.

సెప్టెంబర్ 2
లలిత మిల్లులో ఒక షిఫ్టు తీసేశారట. ఎల్లయ్య వాళ్ళలో సగంమంది చివ్వెంల వచ్చేశారు. ఎల్లయ్య రాలేదు.

సెప్టెంబర్ 6, బుధవారం
లలిత వచ్చింది. ఒక్కతే, బస్సులో. ముఖం కడుక్కుని వంటింట్లో పీట మీద కూర్చుంది.
"మిల్లు ఆగిన ఇంట్లో మీరెట్లా ఉంటున్నారక్కా? రాత్రి షిఫ్టు లేకపోతే నాకు కునుకే పట్టట్లేదు."
చెవులు పోతున్నాయన్న మనిషి.
సంచిలోంచి ఆ కాగితాలు తీసింది. "మా ఆయనకు చెప్పకుండా తెచ్చాను. ఈ నిషేధాలు, సుంకాలు ఎల్లకాలం ఉండవక్కా. మొన్న మా మీద, నిన్న మీ మీద, ఇవాళ మళ్ళీ మా మీద. మన రాష్ట్రం అని ఒకరు, మన దేశం అని ఒకరు, వాళ్ళ మాట మారినప్పుడల్లా మిల్లు అమ్ముకుంటే మనకేం మిగులుతుంది? కోదాడ తమ్ముడు బాయిలర్ అప్పు మీద బిగిస్తానన్నాడు. మీరు సరేనంటే మా ఆయన్ని నేను ఒప్పిస్తాను. మీరు తొందరపడే మనిషి కాదు, మీరే చెప్పండి. చేద్దామా, వద్దా?"
చేద్దామంటే — దసరాకు మా మిల్లు నిలబడుతుంది, ఆమె మునిగినా మునగవచ్చు. వద్దంటే ఆమెను కాపాడినట్టు. లేకపోతే ఆమె చేతికి నా మిల్లు దక్కకుండా చేసినట్టు. ఏ జవాబు అనుకున్నా దాని వెనక నేనే కనబడుతున్నాను.
"టీ పెడ్త ఆగు" అన్నాను.
టీ మరిగేలోగా ఆమె మిల్లులోకి వెళ్ళింది. కిటికీలోంచి కనబడుతోంది, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, ఆ బూజులో, అడుగులు వేసి కొలుస్తోంది. ఇంత దెబ్బ తిని కూడా. నాకు ఆమె కారు మీద, పట్టుచీర మీద ఏనాడూ ఇంత అసూయ కలగలేదు.
ఈయన ఆఫీసు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. కొలత టేపు వెతుకుతున్నట్టున్నారు.
"అక్కా, బాయిలర్ ఈ మూలకా, ఆ మూలకా? పొగ మీ ఇంటి వైపు రాకూడదు కదా!"
ఏ మూల పెడితే పొగ రాదో నాకు తెలుసు. రెండోసారి పిలుస్తోంది.