దయ్యం లేని చోట అరుపులు

జూన్ 3, మంగళవారం

మా మేనకోడలి హారర్ సినిమా మా థియేటర్‌లోనే పడింది. చిన్న స్క్రీన్, ఉదయం ఆట. ఖాళీ ఇంట్లో ఎవరిదో కెమెరా దొరుకుతుంది, అందులో ఉన్నదే మనం చూస్తున్నామని లెక్క. టార్చి పట్టుకుని సీట్లు చూపించేది నేనే కాబట్టి మొత్తం చూశాను. జనం ఆవలించారు. తెర అలా ఊగుతోందేంటి, తీసినోడికి చలిజ్వరమా అన్నాడొకాయన. ఇంటర్వెల్‌లో ఓ పెద్దావిడ, దయ్యం ఎప్పుడొస్తుంది నాయనా, ఇంట్లో పనుంది అని అడిగింది. బయల్దేరిందమ్మా, ట్రాఫిక్‌లో ఉంది అన్నాను.

జనం కదలకపోతే శుక్రవారం తీసేస్తానన్నాడు మేనేజరు. మేనకోడలు ఏడవలేదు. ఇది పోతే ఇంక సినిమా జోలికి పోను మావయ్యా, అమ్మ చెప్పినట్టు స్టూడియోలో కూర్చుని పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుంటా అంది. వెళ్ళి చివరి వరస వెనక మనిషి పట్టేంత చోటుందో లేదో చూసొచ్చాను.

జూన్ 4, బుధవారం

మేనకోడలు తెర కింద చిన్న కెమెరా పెట్టింది, జనం వైపు తిప్పి. ఎక్కడ అరిస్తే ఆ సీను పెంచుతుందట, ఎక్కడ చప్పుడు లేకపోతే అది పీకేస్తుందట. చీకట్లో దానికేం కనబడుతుంది, వినడానికే అనుకున్నాను.

సినిమాలో ఒక వరండా ఉంది. అందులో ఏమీ ఉండదు, ఏమీ రాదు. ఆ సీను రాగానే చివరి వరస వెనక నుంచి పాక్కుంటూ వెళ్ళి, ఒక బొద్దాయన మెడ మీద తడివేలు పెట్టాను. ఆయన కేకకి వరసంతా లేచింది. అరుపు కూడా ఆవలింత లాంటిదే, పక్కోడికి అంటుకుంటుంది.

జూన్ 5, గురువారం

ఇవాళ ముగ్గురి మీద ఊదాను. బయటికొచ్చాక ఒకావిడ చెవి దగ్గర దయ్యం ఊపిరి తగిలిందని ఒట్టేసి చెప్పింది. ఉల్లిపాయ వాసన కూడా వచ్చిందట. అది నా టిఫిన్.

మోకాళ్ళు పట్టేశాయి. ఈ వయసులో పాకుడేంటి, మళ్ళీ అన్నప్రాసన చేయించమంటావా అంది మా ఆవిడ, మందు రాస్తూనే.

జూన్ 6, శుక్రవారం

ఇంకో వారం ఉంచుతానన్నాడు మేనేజరు. మేనకోడలు గాల్లో తేలుతోంది. వరండా సీను రెట్టింపు చేసిందట. తల్లి ఫోన్ చేస్తే కూతురు ఎత్తకుండా అలా చూస్తుండే సీను పీకేసిందట. ఆ సీనులో ఎవరూ కిక్కురుమనలేదు కదా మావయ్యా అంది.

కిక్కురుమనలేదు, నిజమే. నోటిదాకా తెచ్చుకున్న పాప్‌కార్న్ కూడా మర్చిపోయారు. అక్కడ నేను ఎవర్నీ ముట్టుకోలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

చెబుదామనుకున్నాను. దాని మొహం చూసి టీ తాగి వచ్చేశాను.

జూన్ 8, ఆదివారం

అక్క ఇంటికి వెళ్ళాను. మేనకోడలు నన్ను కూర్చోబెట్టి ల్యాప్‌టాప్ తెరిచింది. ఆ కెమెరా చీకట్లో కూడా చూసే రకమట. ఆకుపచ్చ వెలుతురులో వరసలు వరసలుగా మొహాలు, అన్నీ తెర వైపే. వాళ్ళ వెనక ఏదో నాలుగు కాళ్ళ మీద వచ్చింది. ఆగింది. చెయ్యి లేపింది.

మా వెనక నిలబడి చూస్తున్న అక్క ప్లేట్లు జారవిడిచి కెవ్వుమంది. కూతురి సినిమాకి గుర్రు పెట్టి నిద్రపోయిన మనిషి. చిన్నప్పటి నుంచి బల్లులూ తేళ్ళూ చూపించినా నా వల్ల బెదరని మనిషి.

ఎన్నాళ్ళు పాకావు మావయ్యా అంది మేనకోడలు. రోజూ అన్నాను. అయితే ఆ అరుపులన్నీ నీవేనా అంది. అరిచింది వాళ్ళేనే తల్లీ, గిల్లింది నేను అన్నాను.

నవ్వలేదు. పింగాణీ ముక్కలు ఏరి, ల్యాప్‌టాప్ తీసుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

జూన్ 9, సోమవారం

మేనకోడలు ఫోన్ ఎత్తడం లేదు. అక్క మాత్రం ఎత్తి తిడుతోంది.

జూన్ 11, బుధవారం

మేనకోడలు సినిమా కొత్త కాపీ తెచ్చింది. నాతో మాట్లాడకుండా ప్రొజెక్టర్ రూముకి వెళ్ళిపోయింది. ఫోన్ సీను మళ్ళీ పెట్టింది. వరండా కత్తిరించింది. నేను చేతులు కట్టుకుని వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. ఫోన్ మోగుతున్నంతసేపూ హాల్లో దగ్గు కూడా లేదు.

సినిమా అయిపోయిందనుకుని జనం లేవబోయారు. అప్పుడు తెర మీద మా హాలే వచ్చింది. ఇవే సీట్లు. సినిమా చూస్తున్న జనం. వాళ్ళ వెనక పాకుతున్నది.

ఎవరూ అరవలేదు. అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. అక్కడ టార్చితో నేనున్నాను.

అప్పుడు అరిచారు.

మేనేజరు సాయంత్రం ఆట కూడా ఇచ్చాడు. మేనకోడలు కిందికి దిగొచ్చి, రేపట్నుంచి అక్కడే నిలబడు మావయ్యా, చెయ్యి మాత్రం లేపావో చూడు అంది.

జూన్ 14, శనివారం

హౌస్‌ఫుల్. అందరూ వెనక్కి తిరిగారు. నా వెనక ఏముందోనని నేనూ తిరిగాను.