తొట్టెల నీ చేత్తోనే కట్టక్కా

షార్జా

ఎల్లారెడ్డిలో ఉన్న మా అక్కకు తమ్ముడు గంగయ్య దండం పెట్టి రాయునది. నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు, బావ, నా బిడ్డ లత, నా బంగారు మనుమరాలు అందరూ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? ఫోన్లో మాట్లాడితే లత పక్కనే ఉండి వింటుంది. అందుకే ఊరికి వస్తున్న రాజంపేట సాయిలు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. నువ్వొక్కదానివే చదువుకో.

అక్కా, నేను తాతనయ్యాను! పాప ఫోటోను మా గోదాములో అందరికీ చూపించాను, చూసినవాళ్లకే మళ్లీ చూపించాను. ముక్కు అచ్చం దాని అమ్మమ్మదే. ఆమె బతికి ఉంటే ఎంత మురిసేదో. క్యాంపంతా జిలేబీ పంచాను. ఇక్కడ బయట నిప్పుల ఎండ, మా కోల్డ్ స్టోరేజీ గోదాము లోపల స్వెట్టరు. వంట నేనే చేసుకుంటున్నాను. కారం అయిపోయింది, సాయిలు తిరిగి వచ్చేటప్పుడు కొంచెం పంపు.

ఇక అసలు సంగతి. మా మేనేజరు ఖాదర్ సాబ్ బోధన్ మనిషి. ఇదివరకు సెలవు ఆయన మాటతోనే అయ్యేది. ఫోటో చూడగానే, "తొలి కాన్పు తల్లిగారింట్లనే గద గంగన్న. పిల్లకు తల్లి లేకపాయె. నువ్వు గూడ లేకుంటె తొట్టెల ఎవలు గడ్తరు? పో. మీసాలకు రంగు మాత్రం ఎయ్యకు, తాతవైనవ్" అని సెలవిచ్చేశాడు. సంతోషం పట్టలేక ఆ రోజే టికెట్టు తీసుకున్నాను.

కానీ ఇప్పుడు వేరే దేశంలో ఉన్న హెడ్డాఫీసు అన్నీ కంప్యూటర్లో చూస్తోంది. అన్ని దేశాలకూ ఒకటే రూలు. బిడ్డ పుడితే తండ్రికి సెలవు ఉందట, తాతకు లేదట. ఈ రద్దీ నెలల్లో మామూలు సెలవూ లేదట. అక్కడి ఆఫీసరమ్మ మర్యాదగానే అడిగిందట, ఆ పిల్లకు భర్త ఉన్నాడు కదా అని. తల్లిగారిల్లంటే ఏమిటో ఖాదర్ సాబ్ ఎంత చెప్పినా ఆమెకు అర్థం కాలేదు. సొంతంగా సెలవిచ్చినందుకు ఇప్పుడు ఆయన ఉద్యోగానికే ఎసరు వచ్చింది. అదే రోజు నా ఫోనుకు హెడ్డాఫీసు నుంచి పూలబొమ్మ వచ్చింది, మనుమరాలు పుట్టినందుకు శుభాకాంక్షలని.

"నువ్వు పో గంగన్న, నా సంగతి నేను జూస్కుంట" అన్నాడు ఖాదర్ సాబ్. అంటూ నా మొహం చూడలేదు. ఆయనకూ ఇద్దరు ఆడపిల్లలు, ఇక్కడే చదువుతున్నారు. ఆయన్ను ఇరికించి వచ్చి నా మనుమరాలిని ఏ చేతులతో ఎత్తుకోను? సెలవు వద్దని నేనే చెప్పేశాను. "గిట్ల జేస్తివేంది" అన్నాడాయన.

అందుకని నేను రావట్లేదక్కా. నా ఆరోగ్యం బాగుంది, నిజంగా బాగుంది, దిగులుపడకు. పని ఎక్కువై రాలేదని లతకు చెప్పు. కామారెడ్డిలో మీరు చూసి వచ్చిన కర్ర తొట్టెలనే తీసుకురండి. నా ట్రంకు పెట్టెలో పాత రుమాలు ఉంది, తలకు చుట్టుకునేది. ఉతికి తొట్టెలలో పరిచి, పిల్లను దాని మీదనే పండబెట్టు. చెవిలో పేరు చెప్పేటప్పుడు, ఇది మీ తాత రుమాలని కూడా చెప్పు.

బావకు, వాడకట్టు పెద్దలకు దండాలు. నీ దీవెనలు ముందు మనుమరాలికి, మిగిలితే నాకు.

నీ తమ్ముడు
గంగయ్య